చెయ్యెత్తని వాళ్ల కోసం

మా నాయకత్వ శిక్షణలో కొత్త బ్యాచ్‌కి దరఖాస్తులు పిలవడం మేం మానేశాం. ఈ మాట అనగానే ఇదే పనిలో ఉన్న స్నేహితులు అనుమానంగా చూస్తారు. దరఖాస్తులు లేకుండా ఎలా ఎంపిక చేస్తారు, మీకు నచ్చినవాళ్లనే తీసుకుంటారా అని నిలదీస్తారు. అడగాల్సిన ప్రశ్నే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఇక్కడ రాస్తే ఒక పనైపోతుందని కూర్చున్నాను.

నేను చేసేది కమ్యూనిటీ నాయకత్వ శిక్షణ. కాలనీ సంఘాలు, పొదుపు సంఘాలు, బడి కమిటీలు, యువజన బృందాలు ఉంటాయి కదా, అక్కడ పదిమందిని కూడగట్టుకుని ఒక పని పూర్తి చేయగల మనుషులు పెరగాలన్నది ఉద్దేశం. దరఖాస్తు ఫారం పెడితే వచ్చేది ఎవరు? ఫారం నింపడం వచ్చినవాళ్లు. ‘మీలోని నాయకత్వ లక్షణాలను వివరించండి’ అంటే పేజీన్నర రాసిపెట్టగలవాళ్లు. వాళ్లేం చెడ్డవాళ్లు కారు. కానీ వాళ్ల చేతికి మైకు ఎప్పుడో వచ్చేసింది. ఒక శిక్షణ అవగానే ఇంకో శిక్షణకి వెళ్తూ, సర్టిఫికెట్లు పోగేసుకునే గుంపు ఒకటి ప్రతిచోటా ఉంటుంది. ఈ రంగంలో ఉన్నవాళ్లకి వాళ్ల పేర్లన్నీ కంఠతా వచ్చు.

అందుకని ఇంటింటికీ వెళ్లి అడుగుతాం. ‘ఇక్కడ నాయకులెవరండీ?’ అని మాత్రం అడగం. అలా అడిగితే పదవిలో ఉన్నవాళ్ల పేర్లే చెబుతారు. ‘అర్ధరాత్రి ఏదైనా కష్టం వస్తే ముందు ఎవరి తలుపు కొడతారు?’ అని అడుగుతాం. ఇక్కడ జవాబులు మారిపోతాయి. కమిటీలో ఎక్కడా కనిపించని పేర్లు బయటికొస్తాయి. ‘ఇద్దరు గొడవపడితే ఎవరు చెబితే వింటారు?’ అన్నది రెండో ప్రశ్న. బంధుత్వం లేని మూడిళ్ల నుంచి ఒకే పేరు వస్తే రాసుకుంటాం. ఆ జాబితా అందరి ముందూ చదువుతాం, ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. దరఖాస్తుల ఎంపిక గదిలో నలుగురం కూర్చుని మార్కులు వేసుకోవడం కన్నా ఇందులోనే దాపరికం తక్కువని నా నమ్మకం.

తీరా ఆ మనిషి దగ్గరికి వెళితే, ‘నాకెందుకండీ ఇవన్నీ, నలుగురిలో మాట్లాడటం కూడా రాదు’ అంటారు. ఇది మాకు అలవాటే. అమెరికాలో రైతు కూలీలను కూడగట్టిన సీజర్ చావెజ్ కూడా మొదట అలాగే తప్పించుకున్నాడు. 1952లో ఫ్రెడ్ రాస్ అనే ఆర్గనైజర్ శాన్ హోసేలో ఆయన్ని వెతుక్కుంటూ వెళితే కొన్నిసార్లు దొరకనే లేదు. తమ మీద పరిశోధనలు చేసుకోవడానికి వచ్చిన మరో మనిషే అనుకుని చావెజ్ పక్కకి తప్పుకున్నాడు. రాస్ వదల్లేదు. పదేళ్లకి, 1962లో, డొలోరెస్ హుయెర్టా అనే మరో ఆర్గనైజరుతో కలిసి చావెజ్ వ్యవసాయ కూలీల సంఘం మొదలుపెట్టాడు. రాస్ ఆ రోజు ఫారం ఇచ్చి వెళ్లిపోయి ఉంటే అది తిరిగొచ్చేదని నేననుకోను.

ఇక తరగతుల సంగతి. నాకు పడనివి ముందే చెప్పేస్తాను. పొద్దున్నే అందర్నీ గుండ్రంగా నిలబెట్టి బంతి విసిరించే ఐస్‌బ్రేకర్లు, ‘నాయకుడికి ఉండాల్సిన పది లక్షణాలు’ స్లయిడు, గోడ నిండా అంటించిన రంగు స్టికీ నోట్స్. ఆ నోట్స్‌ని ఫోటో తీస్తారు, సాయంత్రానికి చెత్తబుట్టలో పడేస్తారు. ఇంత కాలంలో వాటిని మళ్లీ తెరిచి చూసిన మనిషిని నేను చూడలేదు.

ఎలా నేర్పాలి అనే విషయంలో నాకు దారి చూపింది అమెరికాలో నల్లజాతి టీచరు, పౌరహక్కుల కార్యకర్త సెప్టిమా క్లార్క్ కథ. అక్కడి దక్షిణ కరొలినా రాష్ట్రంలో ఓటరుగా నమోదు కావాలంటే రాష్ట్ర రాజ్యాంగంలో ఒక భాగం చదివి చూపించాలని నిబంధన ఉండేది. నల్లజాతివాళ్లను ఓటుకి దూరం పెట్టడానికే దాన్ని వాడారు. 1957 జనవరిలో ఆ రాష్ట్రంలోని జాన్స్ ఐలాండ్ అనే దీవిలో, చదువు రాని పెద్దవాళ్ల కోసం బడి మొదలైంది. దానికి టీచరుగా ఎవర్ని పెట్టాలన్నప్పుడు క్లార్క్, ఆవిడతో పనిచేసినవాళ్లు బడిపంతుళ్లను వద్దనుకున్నారు. పెద్దవాళ్లకి పిల్లలకి చెప్పినట్టు చెబుతారేమోనని వాళ్ల బెంగ. బ్యూటీ పార్లర్ నడుపుకుంటూ బట్టలు కుట్టే బెర్నీస్ రాబిన్సన్‌ని ఒప్పించారు. ఆవిడ చిన్నపిల్లల పుస్తకాలు పట్టుకెళ్లి, అవి వీళ్లకి పనికిరావని చూడగానే గ్రహించింది. పక్కన పెట్టేసి, మీరేం నేర్చుకోవాలనుకుంటున్నారని అడిగింది. సొంత పేరు రాయడం, మనియార్డరు ఫారం నింపడం, కేటలాగ్ చూసి వస్తువులు తెప్పించుకోవడం. అక్కణ్ణించే పాఠం మొదలుపెట్టారు. రాజ్యాంగం తర్వాత వచ్చింది.

మా మొదటి రోజు కూడా ఇప్పుడు అలాగే ఉంటుంది. పోయిన నెల మీ సంఘంలో ఏ పని ఆగిపోయింది, ఎక్కడ ఆగింది? అంతే. ఒకరికి లెటర్ రాయడం రాదు. ఒకరికి లెక్కలు చదువుతుంటే గొంతు వణుకుతుంది. ఇంకొకాయన అయితే అన్ని పనులూ తానే చేసేసి, చివర్లో ఎవరూ సాయం రావట్లేదని కోప్పడతాడు. (ఈ మూడో రకం ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. వాళ్లకి నేర్పడమే కష్టం, ఎందుకంటే పనులు నిజంగానే జరుగుతుంటాయి.)

తరగతులు మాత్రం ఎక్కువ పెట్టం. అసలు శిక్షణ ఆ తర్వాతే. ప్రతి ఒక్కరూ వాళ్ల చోట ఒక నిజమైన మీటింగ్ నడపాలి, ఒక నిజమైన పని ఒప్పుకోవాలి. మేం వెనక వరసలో కూర్చుంటాం.

ఈ మధ్య చూసిన ఒకటి చెబుతాను. మా బ్యాచ్‌లో ఒకావిడ మొదటిసారి మీటింగ్ నడుపుతోంది. అజెండా చేత్తో రాసుకుని కాగితం నాలుగు మడతలు పెట్టుకుంది. మొదటి అంశం సాఫీగానే అయింది. రెండోది లెక్కలు. కోశాధికారి చదువుతుండగా ఒకాయన లేచి, పోయినసారి ఖర్చు ఎవర్ని అడిగి పెట్టారని గట్టిగా అన్నాడు. ఇంకో ఇద్దరు అందుకున్నారు. ఆవిడ తలెత్తి నా వైపు చూసింది. నేను తల వంచుకుని నోట్‌బుక్‌లో ఏదో రాస్తున్నట్టు నటించాను. మనం నోరు విప్పామంటే ఆ మీటింగ్ ఇక మనదే, ఆవిడది కాదు. కాసేపు ఒకరి మీద ఒకరు మాట్లాడుకున్నారు. తర్వాత ఆవిడ కాగితం మడత విప్పి, ‘అన్నా, మీ ప్రశ్న రాసుకుంటున్నా, ఒకసారి మళ్లీ చెప్పండి’ అంది. ఆయన రెండోసారి నెమ్మదిగా చెప్పాడు. రాసుకుంది. చదివి వినిపించింది. ‘ఇదేనా మీరు అడిగింది?’ అంది. ఆయన కూర్చున్నాడు. కోశాధికారి రసీదులు తీశాడు. ఈ ఉపాయం మేం ఎక్కడా నేర్పలేదు. ఇంట్లో గొడవలు సర్దిచెప్పేటప్పుడు ఆవిడ ఎప్పుడూ చేసేదే, మీటింగులో కూడా చేయొచ్చని ఆ క్షణంలో తట్టింది.

అయిపోయాక ఇద్దరం కూర్చుంటాం. అనుకున్నట్టు ఏది జరిగింది, ఎక్కడ ఇరుక్కున్నావు, మళ్లీ అయితే ఏం మారుస్తావు? ముందు ఆవిడ చెప్పాలి, తర్వాతే నేను. ఆవిడ తనని తాను తిట్టుకోవడం మొదలుపెట్టింది, టెన్షన్‌లో మూడో అంశం మర్చిపోయానని. మూడో అంశం సంగతి తర్వాత, ముందు ఆ కాగితం విప్పిన క్షణం గురించి మాట్లాడదాం అన్నాను. ఈ కూర్చోవడానికి చాలా టైమ్ పడుతుంది, బడ్జెట్‌లో ఎవరూ దీనికి డబ్బు రాయరు. నన్నడిగితే హాలు అద్దె తగ్గించి అయినా దీన్ని ఉంచుకోవాలి.

ఏర్పాట్ల గురించి రెండు ముక్కలు. పనికి పోయేవాళ్లు రాగలిగే వేళకే పెట్టండి, చంటిపిల్లల్ని చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టండి. ఈ రెండూ లేకుండా ‘ఆడవాళ్లు రావట్లేదండీ’ అని బాధపడటంలో అర్థం లేదు.

ఇప్పుడు ఫలితాలు. చివరి రోజు ఫీడ్‌బ్యాక్ ఫారం ఇస్తే అందరూ ‘చాలా బాగుంది’ దగ్గరే టిక్ పెడతారు. అమెరికన్ ప్రొఫెసర్ డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లోనే శిక్షణను నాలుగు మెట్లలో కొలవాలన్నాడు: ఎలా అనిపించింది, ఏం నేర్చుకున్నారు, పనిలో ఏం మారింది, దానివల్ల ఏం ఫలితం వచ్చింది. మనలో చాలామందిమి మొదటి మెట్టు మీదే చాప వేసుకుని కూర్చున్నాం.

ఆ మొదటి మెట్టుని నమ్మకూడదని చెప్పడానికి నాకు గుర్తొచ్చేది అమెరికా నల్లజాతి హక్కుల ఉద్యమంలోని రోజా పార్క్స్. 1955 వేసవిలో ఆవిడ టెన్నెసీలో ఉద్యమకారులకి శిక్షణ ఇచ్చే హైలాండర్ ఫోక్ స్కూల్లో రెండు వారాల వర్క్‌షాప్‌కి వెళ్లింది. తిరిగి వెళ్లాక ఏం చేస్తారని చివర్లో అందర్నీ అడిగారు. తన ఊరు మాంట్‌గోమరీలో పెద్దగా ఏమీ జరగదనే ఆవిడ ఉద్దేశం, అక్కడివాళ్లు కలిసి నిలబడరని అనుకుంది. కుర్రవాళ్లతో మాత్రం పనిచేస్తానని చెప్పింది. మన రిపోర్టు భాషలో అయితే ఇది ‘ఆశించిన స్పందన లేదు’ గడిలోకి పోయేది. అదే ఏడాది డిసెంబరు 1న ఆవిడ బస్సులో తెల్లజాతి ప్రయాణికుడికి సీటు ఇవ్వనంది, దాంతో ఆ ఊళ్లోని నల్లజాతివాళ్లు కలిసి బస్సులెక్కడం మానేశారు. అలాగని ఆ ఘనత వర్క్‌షాప్‌కి కట్టబెట్టడం కూడా తప్పే. 1943 నుంచే ఆవిడ నల్లజాతివాళ్ల హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ అక్కడి శాఖకి కార్యదర్శిగా పనిచేసింది. శిక్షణ పాత్ర ఎప్పుడూ కొంతే. మన రిపోర్టుల్లోనే అంతా మనవల్లే జరిగినట్టు ఉంటుంది.

మాకు నిధులిచ్చిన ఒక సంస్థ ‘శిక్షణ పొందినవారి సంఖ్య’ తప్ప ఇంకేదీ అడగలేదు. సంఖ్య పెంచితే మరుసటి ఏడు నిధులు పెంచుతామన్నారు. సంఖ్య పెంచితే వెనక వరసలో కూర్చునే మనిషి ఉండరని చెప్పి చూశాం, వినలేదు. ఇప్పుడు రెండు రిపోర్టులు రాస్తాం: వాళ్లకి సంఖ్యలు, మాకోసం వేరేది. మా దాంట్లో ఏడాది తర్వాత వెళ్లి చూసి రాసుకునే ప్రశ్నలుంటాయి. మీటింగ్ ఎవరు పిలిచారు? మినిట్స్ ఎవరి చేతిరాత? ఇదివరకు మాట్లాడనివాళ్లు ఎవరైనా మాట్లాడారా? మనం శిక్షణ ఇచ్చిన మనిషి ఊళ్లో లేనప్పుడు మీటింగ్ జరిగిందా?

చివరి ప్రశ్న దగ్గరే ఎక్కువమంది ఆగిపోతారు. మంచి నాయకురాలు తయారైతే అన్నీ ఆవిడ చుట్టూనే తిరగడం మొదలవుతుంది. అందుకే ఈ బ్యాచ్ నుంచి ఒక నియమం పెట్టాం. పని ఒప్పుకున్న రోజే పక్కన ఇంకో మనిషిని పెట్టుకోవాలి, ఏడాది అయ్యాక కుర్చీ ఆ మనిషికి ఇచ్చేయాలి. కొందరికి నచ్చలేదు. ఇప్పుడిప్పుడే పని చేతికొస్తుంటే దిగిపొమ్మంటారేంటని ఒకావిడ గట్టిగానే అడిగింది. దిగిపోవడం కాదు, పక్క వీధిలో ఇంకో బృందాన్ని మొదలుపెట్టమంటున్నాం అన్నాం. ఆలోచించి చెబుతానంది.

అదే నియమం మాకూ వర్తించాలని పాత బ్యాచ్ వాళ్లు పట్టుబట్టారు. వచ్చే విడత ఇంటింటి ప్రశ్నలు వాళ్లే అడుగుతారు, జాబితా వాళ్లే చదువుతారు. నాకు రెండు తరగతులు మిగిల్చారు. అందులో లెక్కల తరగతి కూడా వాళ్లకే కావాలట. ఇంకా బేరం నడుస్తోంది.