పెన్సిల్వేనియా నుంచి న్యూ హాంప్‌షైర్‌కు కారులో పిస్టల్: నా అనుభవం

పెన్సిల్వేనియాలో షెరిఫ్ ఆఫీసు ఇచ్చే ఐదేళ్ల క్యారీ లైసెన్సు (తుపాకీ వెంట పెట్టుకుని తిరిగే అనుమతి) న్యూయార్క్‌లో చెల్లదు. అయినా ఆ రాష్ట్రం మీదుగా వెళ్లిపోవచ్చు. 1986లో వచ్చిన ఫెడరల్ చట్టం, సెక్షన్ 926ఎ, ఆ వెసులుబాటు ఇస్తుంది. షరతేమిటంటే, బయలుదేరే చోటా, చేరే చోటా తుపాకీ కలిగి ఉండటం, వెంట తీసుకెళ్లడం రెండూ చట్టబద్ధం కావాలి. న్యూ హాంప్‌షైర్‌లో 2017 నుంచి లైసెన్సు లేకున్నా క్యారీ చేయొచ్చు కనుక అటువైపు చిక్కు లేదు. (హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు ఇక్కడే ఆగండి. వేట లైసెన్సు లాంటి మినహాయింపు లేకపోతే తుపాకీ ఉంచుకోవడమే ఫెడరల్ నేరం.)

సర్దుకోవడంలోనే అసలు పని. ఛాంబర్ (పేలే ముందు తూటా కూర్చునే చోటు) ఖాళీ, మ్యాగజైన్ (తూటాలు పట్టే అర) బయటికి, కేబుల్ లాక్ (తుపాకీలోంచి దూర్చే తీగ తాళం). సెడాన్ అయితే డిక్కీలో. మనవాళ్లలో ఎక్కువమందికి ఉండే ఎస్‌యూవీలకూ మినీవ్యాన్లకూ విడి డిక్కీ ఉండదు. అప్పుడు తాళం వేసిన పెట్టె తప్పనిసరి. గ్లవ్ బాక్సు, సీట్ల మధ్య కన్సోల్ తాళం వేసినా పనికిరావని చట్టంలోనే రాసి ఉంది. నేను పెట్టెను సామాన్లన్నిటికీ వెనక పెడతాను. తూటాలు వేరే పెట్టెలో, దానికి వేరే తాళం. ఒకే పెట్టెలో పెట్టొద్దని ఫెడరల్ చట్టం అనదు గానీ, న్యూయార్క్ నిర్వచనం ప్రకారం తుపాకీ ఖాళీగా ఉన్నా, దానికి సరిపోయే తూటాలు మీ దగ్గరుంటే అది లోడ్ చేసినట్టే.

పది రౌండ్లు (తూటాలు) దాటి పట్టే మ్యాగజైన్లు ఇంట్లోనే వదిలేయాలి. దారిలోని న్యూయార్క్, కనెక్టికట్, మసాచుసెట్స్ మూడింటా అవి నిషిద్ధం, 926ఎలో మ్యాగజైన్ల ఊసే లేదు.

పెన్సిల్వేనియాలోని స్క్రాంటన్ నుంచి ఐ-84 హైవే పట్టుకుంటే న్యూజెర్సీ అసలు తగలదు. పెట్రోలుకీ బాత్రూముకీ ఆగితే నాకు భయం లేదు. చుట్టాలింట్లో రాత్రి పడక మాత్రం వద్దు. ఫ్లైటు తప్పి న్యూజెర్సీలోని నెవార్క్‌లో హోటల్లో పడుకున్న ప్రయాణికుడు తుపాకీ ఉన్న పెట్టెను చేతికి తీసుకున్నాడు గనుక ఈ రక్షణ వర్తించదని 2010లో థర్డ్ సర్క్యూట్ ఫెడరల్ అప్పీళ్ల కోర్టు తేల్చింది. పైగా న్యూయార్క్‌లో ముందు అరెస్టు చేసి, 926ఎ సంగతి కోర్టులో చెప్పుకొమ్మన్న సందర్భాలున్నాయి. మసాచుసెట్స్‌లోనైతే లైసెన్సు లేకుండా తుపాకీతో తిరిగితే కనీస శిక్ష 18 నెలల జైలు. అందుకే ఆ రాష్ట్రం దాటేదాకా నేను భోజనానికి కూడా ఆగను.