దూలం లేని దర్బారు

తిరుపతి నుంచి చంద్రగిరి 12 కిలోమీటర్లే. అన్ని బస్సులూ ఊళ్లోకి రావు, బైపాస్ మీదుగా వెళ్లిపోతాయి. కండక్టర్ని అడిగి ఎక్కడం మేలు. ఊళ్లోంచి కోటకు ఆటో దొరుకుతుంది. కోటలోని రాజమహల్లో ఉన్న మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఇది తెలియక తిరుమల దర్శనం అయ్యాక నేరుగా వచ్చి గేటు దగ్గర్నుంచే తిరిగిపోయేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. మేం పది గంటలకు తలుపులు తీస్తుండగా లోపలికి వెళ్లాం.

కోట విజయనగరానికి ముందు ఇక్కడ ఏలిన యాదవరాయల కాలం నాటిది. రాజమహల్ మాత్రం విజయనగరం చివరి దశది. 1565 తళ్లికోట యుద్ధంలో ఓడాక విజయనగర రాజధాని పెనుకొండకు, వేంకటపతిరాయల హయాంలో అక్కణ్ణుంచి ఇక్కడికి మారింది.

మూడంతస్తుల ఈ మహల్లో కర్ర వాడలేదు. అంతా రాయి, ఇటుక, సున్నమే. అందుకే లోపలికి వెళ్లగానే షోకేసులు వదిలేసి తల పైకెత్తి చూడండి. దూలాలు లేవు కాబట్టి పైకప్పు బరువంతా కమాన్ల మీదే పడుతుంది. కమాను బరువును కిందికే కాదు, పక్కలకూ తోస్తుంది. ఆ తోపుడుకు ఆగాలంటే స్తంభం లావుగా ఉండాలి, రెండు స్తంభాల మధ్య ఎడం తక్కువగా ఉండాలి. కింది అంతస్తు అంత ఇరుకుగా, చీకటిగా ఉండటానికి కారణం ఇదే. మొదటి అంతస్తులోని దర్బారు హాలు రెండంతస్తుల ఎత్తుకు లేవగలిగిందంటే, దానికి నాలుగు పక్కలా ఉన్న గదులే దన్ను. బయటి నుంచి చూస్తే కింద సుల్తానుల తరహా కమాన్లు, పైన గుడి శిఖరాలు. రెండూ ఒకదాన్నొకటి చెడగొట్టకపోవడమే ఇక్కడి పనితనం.

గోడల మీది గచ్చును దగ్గరగా చూడాలి. మన వైపు పాత కట్టడాలకు గానుగ సున్నం వాడేవాళ్లు. సున్నం, ఇసుక గానుగలో మెత్తగా తిప్పి, కరక్కాయ, బెల్లం ఊరబెట్టిన నీళ్లు పోసేవాళ్లు. సున్నం తేమను పీల్చుకుంటుంది, తిరిగి వదిలేస్తుంది. అలాంటి గోడకు ఎక్కడైనా సిమెంటుతో అతుకు వేస్తే తేమ లోపలే చిక్కి, ఉప్పు పేరి, అతుకు చుట్టూ ఉన్న పాత గచ్చు పొరలు పొరలుగా ఊడుతుంది. అతుకు మాత్రం గట్టిగానే ఉంటుంది. చాలా గుళ్లల్లో జరుగుతున్నది ఇదే.

మద్రాసును ఇంగ్లీషువాళ్లకు ఈ హాల్లోనే రాసిచ్చారని గైడ్లు చెబుతారు. కానీ 1639లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డేకు ఆ స్థలం ఇచ్చింది రాజు కింద తీరాన్ని ఏలిన దామెర్ల వేంకటాద్రి నాయకుడు. చెన్నపట్నం పేరు ఆయన తండ్రి చెన్నప్పది. రాజు శ్రీరంగరాయలు దాన్ని ఖాయం చేసింది 1645లో. మరుసటి ఏడే చంద్రగిరి గోల్కొండ చేతికి పోయింది.

వెనకున్న రాణీమహల్‌కు ఒక్క పావుగంట చాలు. పేరుకు రాణీమహల్ అయినా, కింది అంతస్తు వాలకం చూస్తే గుర్రపుసాలే అనిపిస్తుంది.