కొన్నది ఎస్‌ఎస్‌డీ, మరిచిపోయింది తీగ

విజయనగరం గంటస్తంభం దగ్గర నాది చిన్న డీటీపీ దుకాణం. శుభలేఖలే నాకు తిండి పెడతాయి. మొన్న మాఘమాసంలో కంప్యూటర్ స్విచ్ వేసి, ఎదురు కొట్టులో టీ తాగి వచ్చినా తెర మీద చక్రం తిరుగుతూనే ఉండేది. పెళ్లివారు నా మొహం చూసేవారు, నేను గంటస్తంభం వైపు చూసేవాణ్ని.

కొత్తది కొనే స్తోమత లేదు. 3,000 రూపాయలు జేబులో పెట్టుకుని, హార్డ్ డిస్కు బదులు చిప్పుల్లో ఫైళ్లు దాచే ఎస్‌ఎస్‌డీ కోసం వెళ్లాను.

"మాస్టారూ, ఎన్‌వీఎంఈ రకం తీసుకోండి. సెకనుకు 3,500 ఎంబీ" అన్నాడు కొట్టు కుర్రాడు. పక్కనున్న సాటా అనే పాత రకం పెట్టె మీద 550 అని ఉంది. మనసు పెద్ద అంకె మీదికే పోయింది. డబ్బు తీయబోతూ ఆగాను. నా మదర్‌బోర్డులో అది పట్టే చోటు ఉందా?

వెనక్కి వచ్చి పక్క రేకు విప్పాను. లోపల దట్టంగా దుమ్ము, ఫ్యాను కింద రెండు బల్లి గుడ్లు. తుడిచి, టార్చి వేసి వెతికితే ఎన్‌వీఎంఈ కూర్చునే ఎం.2 స్లాట్ లేనే లేదు. నాలుగు సాటా పోర్టుల్లో రెండు ఖాళీ. బేరం అక్కడే తేలిపోయింది.

నిజానికి నన్ను ఏడిపించింది పెద్ద ఫైళ్లు కావు, ఫాంట్లు. హార్డ్ డిస్కు పళ్లెం నిమిషానికి 7,200 సార్లు తిరిగినా, దాన్ని చదివే ముల్లు ఒక్కో చిన్న ఫైలు దగ్గరికీ విడిగా వెళ్లాల్సిందే. వందల ఫాంట్లంటే వందల ప్రయాణాలు. ఎస్‌ఎస్‌డీలో కదిలే ముల్లే లేదు. అందుకే నా పనికి సాటా చాలు.

అదే డబ్బుకు ఊరూపేరూ లేని 2 టీబీ డ్రైవు ఫోనులో కనిపించి ఊరించింది. అంత చవకైతే లోపల అంత చోటు ఉండదని వదిలేశాను. పాత ఫైళ్లే 150 జీబీ ఉన్నాయి కనుక 240 కాదని, మరికొంత వేసి మూడేళ్ల వారంటీ ఉన్న 480 తీసుకున్నాను. విండోస్ 447 అని చూపితే గుండె గుభేలుమంది. కంపెనీ వెయ్యితో లెక్క కడుతుంది, విండోస్ 1,024తో. అంతే తేడా.

పెట్టెలో సాటా తీగ ఉండదని మాత్రం ఎవరూ చెప్పలేదు. దానికోసం మళ్లీ కొట్టుకు పరుగు. బిగించే చట్రం కూడా లేక, రెండు వైపులా అంటుకునే టేపుతో అతికించాను. పాత డిస్కులో ఉన్నదంతా రాత్రికి రాత్రి కాపీ చేసి, దాన్ని పాత శుభలేఖలకు వదిలేశాను.

ఇప్పుడు స్విచ్ వేసి కుర్చీ దగ్గరికి లాక్కునేలోపే తెర సిద్ధం. టేపు ఇంకా ఊడలేదు.