రికార్డో నాలుగు అంకెలు, మా ఊరి చెరువు

అంతర్జాతీయ వాణిజ్యం, అభివృద్ధి అనే ఎం.ఏ. కోర్సులో చేరిన మొదటి వారంలోనే మాస్టారు బోర్డు మీద నాలుగు అంకెలు వేశారు. ఆర్థికవేత్త డేవిడ్ రికార్డో 1817లో చూపించిన లెక్క అది. కొంత బట్ట నేయడానికి ఏడాదిపాటు ఇంగ్లండులో 100 మంది కావాలి, పోర్చుగల్‌లో 90 మంది చాలు; ద్రాక్షసారాకైతే ఇంగ్లండులో 120 మంది, పోర్చుగల్‌లో 80 మంది. రెండింటిలోనూ పోర్చుగల్‌దే పైచేయి అయినా, అది సారా మీదే శ్రమ పెట్టి బట్టను ఇంగ్లండు నుంచి తెచ్చుకుంటే ఇద్దరికీ లాభమే. ఇంత చిన్న లెక్కలో ఇంత పెద్ద మాట ఇమిడిందని తెలిసిన రోజు కలిగిన ఆనందం నాకింకా గుర్తుంది.

అయితే నేత పనివాడు సారా పనికి మారగలడని, అవసరమైతే మళ్లీ మగ్గం దగ్గరికి రాగలడని ఆ లెక్క అనుకుంటుంది. భీమవరం దగ్గర మా ఊళ్లో అలా కుదరదు. 2009లో వనామీ అనే విదేశీ రకం రొయ్యను పెంచడానికి దేశంలో అనుమతి వచ్చాక మా నాన్నగారు వరిచేను తవ్వించి చెరువు చేశారు. ఉప్పునీరు నిలిచిన ఆ నేలలో మళ్లీ వరి వేయాలంటే గట్లు చదును చేస్తే సరిపోదు. ఉప్పు కడిగేంత మంచినీరు పారించాలి, పక్క చెరువుల ఊట ఆగాలి.

2025 ఆగస్టులో అమెరికా రొయ్యలతో సహా మన సరకుల్లో చాలావాటిపై సుంకాన్ని 50 శాతానికి చేర్చిన తర్వాత, చెరువులో రొయ్యలు పట్టే ఒక రోజు తెల్లవారుజామున నేను కాటా దగ్గరే ఉన్నాను. కిలో రొయ్యలు తూచి లెక్కపెడతారు. 100 ఉంటే 100 కౌంటు, 50 ఉంటే 50 కౌంటు, కౌంటు తగ్గేకొద్దీ ధర ఎక్కువ. ఇంకో రెండు వారాలు ఆగితే రొయ్య ఎదుగుతుంది గానీ, అన్నాళ్ల మేత ఖర్చు, నీటికి గాలి అందించే ఏరియేటర్ల కరెంటు బిల్లు, వైట్‌స్పాట్ అనే రొయ్యల జబ్బు భయం అన్నీ రైతువే. సుంకం కట్టేది అక్కడి దిగుమతిదారే అయినా, ఆగలేనివాడి మీదికే భారం జరుగుతుందని క్లాసులో గీసుకున్న పటం ఆ కాటా పక్కన నాకు పూర్తిగా అర్థమైంది.

చెరువు తిరిగి చేను కావడానికి ఎకరాకు ఎంతవుతుంది, ఎన్ని పంటలు పోతాయి, వాణిజ్య లాభం లెక్కలో ఆ ఖర్చు ఎక్కడ రాయాలి? ప్రాజెక్టుకు ఇదే అంశం అడిగాను. ముందు అంకెలు తీసుకురమ్మన్నారు మాస్టారు. సంక్రాంతి సెలవుల్లో మా చెరువుతోనే మొదలుపెడతాను.