గ్రైండర్లకు నీళ్లు పెట్టించిన వైనం

టెక్కలి దగ్గర గ్రానైట్ కోసే ఒక యూనిట్‌లో లెక్కలు, హాజరు పట్టీ చూసేది నేనే. విదేశాలకు వెళ్లే సమాధి రాళ్లు మా దగ్గర ఎక్కువగా తయారవుతాయి. అంచులు దిద్దే కార్మికుడు ఒకతను దగ్గుతో టీబీ మందులు వాడాడు. కోర్సు అయిపోయినా దగ్గు, ఆయాసం తగ్గలేదు. కఫంలో క్రిమి ఎప్పుడూ కనిపించలేదు. చివరికి విశాఖలో ఒక ఛాతీ వైద్యుడు ఎక్స్‌రే చూసి, "ఏం పని చేస్తావు?" అని అడిగారట. అంతవరకూ ఆ ప్రశ్న వేసినవారే లేరు. సిలికోసిస్ అని తేలింది, అంటే రాతి ధూళి ఊపిరితిత్తుల్లో చేరి వచ్చే జబ్బు. దాన్ని నయం చేసే మందు లేదు. పైగా ఈ జబ్బు ఉన్నవారికి అసలు టీబీ సోకే ప్రమాదమూ ఎక్కువే.

యజమానికి ఆ వైద్యుడి కాగితం చూపిస్తే, "మన దగ్గర దుమ్మెక్కడిదయ్యా? మిషన్లన్నీ నీళ్ల మీదే కదా నడిచేది!" అన్నారు. పెద్ద రంపాల వరకు అది నిజం. నీళ్లు లేకపోతే బ్లేడు పాడవుతుంది. అంటే ఆ నీళ్లు బ్లేడు కోసం పెట్టినవి, మనిషి కోసం కాదు. దుమ్ము లేచేది చేతి గ్రైండర్ల దగ్గర. అవి పొడిగా తిరుగుతాయి, పట్టుకున్నవాడి ముఖం రాయికి మూరెడు దూరంలో ఉంటుంది. ఎండిన బురదను చీపురుతో ఊడ్చేటప్పుడు మళ్లీ లేస్తుంది. ఇంటికి వెళ్లేముందు కంప్రెసర్ గొట్టంతో బట్టలు దులుపుకున్నప్పుడు ఇంకోసారి. గ్రానైట్‌లో సాధారణంగా ఐదో వంతుకు పైగా క్వార్ట్జ్, అంటే ఈ జబ్బు తెచ్చే సిలికా ఖనిజం, ఉంటుంది. కంటికి కనిపించే పొడి చాలావరకు ముక్కు, గొంతుల్లో ఆగిపోతుంది. ఊపిరితిత్తుల లోతుకు దిగేది కంటికి ఆనని ధూళి. గాలి తేటగా కనిపిస్తోందని ధైర్యపడటానికి లేదు.

గ్రైండర్లకు నీళ్లు పెడదామంటే మేస్త్రీ అడ్డం పడ్డాడు. "కరెంటు గ్రైండరు మీద నీళ్లా? షాక్ కొట్టి చస్తారు బాబూ!" ఆ భయం న్యాయమైనదే. అందుకే గాలితో నడిచే, మధ్యలోంచి నీళ్లు వచ్చే గ్రైండర్లు అడిగాను. కంప్రెసర్ ఎలాగూ ఉంది. ధర విన్న యజమాని మాస్కులతో సరిపెడదామన్నారు. ముఖానికి చుట్టుకునే తువ్వాలు ఈ ధూళిని ఆపదు. సన్నని ధూళిని వడకట్టే ఎన్95 మాస్కు ఆపుతుంది గాని ముఖానికి బిగుతుగా అతుక్కోవాలి. గడ్డం ఉంటే అతుక్కోదు. మే నెల ఎండలో రేకుల షెడ్డు కింద రోజంతా దాన్ని ఎవరు ఉంచుకుంటారు? మాస్కు వద్దని నేననను, కానీ రక్షణల వరసలో అది చివరిది.

మాటలతో కాలేదు. అప్పట్లో అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో, ప్రభుత్వానికి తెలపాల్సిన జబ్బుల జాబితా అయిన మూడో షెడ్యూల్ తీసి ముందు పెట్టాను. అందులో సిలికోసిస్ ఉంది. ఎవరికైనా ఈ జబ్బని తేలితే మేనేజరూ, వైద్యుడూ ప్రభుత్వానికి తెలపాల్సి ఉండేది. 1923 నాటి పరిహార చట్టంలోనూ ఈ జబ్బు ఉందని చెప్పాను. ఆయన లెక్కల మనిషి, అర్థం చేసుకున్నారు. ముందు అంచుల విభాగానికి గ్రైండర్లు వచ్చాయి.

వచ్చాక కార్మికులే విసుక్కున్నారు. రాయి మీద గీసుకున్న సుద్ద గీతలు నీళ్లకు చెరిగిపోతున్నాయి, కాళ్లు నానిపోతున్నాయి, పని నెమ్మదిస్తోంది. తడికి చెరగని పెన్సిళ్లు, రబ్బరు బూట్లు తెప్పించాం. బురదను తడిగా ఉండగానే పారతో ఎత్తడం మొదలైంది. బట్టల మీద గాలి కొట్టుకోవడం మాన్పించడానికి మాత్రం స్నానాల గది కట్టించాల్సి వచ్చింది.

మిగతా కార్మికులకు ఎక్స్‌రేలు తీయించడానికి ఇంకా కష్టపడ్డాం. మచ్చ కనిపిస్తే పని పోతుందని చాలామంది తప్పించుకున్నారు. జబ్బు బయటపడినవారిని దుమ్ములేని పనికి మారుస్తామని, కూలి తగ్గించబోమని యజమాని చేత అందరి ముందూ చెప్పించాకే కదిలారు. జబ్బుపడినతని పరిహారం దరఖాస్తు నడుస్తోంది. అతను మేస్త్రీ ద్వారా వచ్చినవాడు, చేతిలో జీతం చీటీ ఒక్కటీ లేదు. హాజరు పట్టీలో అతని పేరున్న పేజీలన్నిటికీ నకళ్లు తీసి ఇచ్చాను.

పేర్లు చెక్కే చోట మాత్రం ఇంకా పొడి ఉలే. అక్కడ ధూళిని లేచిన చోటే లాగేసే గొట్టం పెట్టించమని అడుగుతున్నాను. కొటేషన్ తెప్పించమన్నారు.