నెలలు నిండుతుండగా ఏఐబీఈ: లెక్కలు, బేర్ యాక్టులు, బెంచీలు

ఎల్‌ఎల్‌బీ అయిపోయింది, స్టేట్ బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్‌మెంట్ అయిపోయింది, లాయర్‌గా ప్రాక్టీసు చేయడానికి పాస్ కావాల్సిన ఆలిండియా బార్ ఎగ్జామినేషన్ (ఏఐబీఈ) నోటిఫికేషన్ వచ్చేసరికి కడుపుతో ఉన్నారు. ఇలాంటి వాళ్లు మొదట అడిగేది ఒకటే. ఈసారి రాసేయాలా, వచ్చేసారికి వదిలేయాలా? దీనికి జవాబు సిలబస్‌లో కాదు, క్యాలెండర్‌లో దొరుకుతుంది. 18వ ఏఐబీఈ 2023 డిసెంబర్ 10న, 19వది 2024 డిసెంబర్ 22న, 20వది 2025 నవంబర్ 30న జరిగాయి. నోటిఫికేషన్‌లో తేదీ కనపడగానే, ఆ రోజుకి మీకు ఎన్నో వారం నడుస్తుందో లెక్కేసి రాసిపెట్టుకోండి. నెలల్లో కాదు, డాక్టర్ చీటీ మీద ఉన్నట్టు వారాల్లోనే.

14 నుంచి 34 వారాల మధ్య పడితే, డాక్టర్ విశ్రాంతి చెప్పనంతవరకు, సందేహం లేకుండా రాయండి. 35, 36 వారాలైతే సెంటర్ ఇంటికి దగ్గరగా ఉంటేనే. 37 దాటాక ఏ రోజైనా నొప్పులు రావచ్చు కాబట్టి ఫీజు పోయినా పర్వాలేదు అనుకుంటేనే కట్టండి. వదిలేయాల్సి వచ్చినా కొంపేం మునగదు. ప్రొవిజనల్ (తాత్కాలిక) ఎన్‌రోల్‌మెంట్ మీద రెండేళ్లు గడువు ఉంటుంది, ఎన్నిసార్లు రాయాలన్న దానికి పరిమితి లేదు. ఇంకా ఫైనల్ ఇయర్‌లోనే ఉన్నవాళ్లకు మరో దారి ఉంది. ఈ పరీక్షను సమర్థిస్తూ సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2023 ఫిబ్రవరి 10న ఇచ్చిన తీర్పులో, చివరి సెమిస్టర్ విద్యార్థులనూ రాయనివ్వవచ్చని చెప్పింది. ఈ అర్హత నిబంధనను నోటిఫికేషన్‌లో ఒకసారి చూసుకోండి. పెళ్లయి పిల్లల ఆలోచనలో ఉన్నవాళ్లకు అదే అన్నిటికన్నా సుఖమైన సమయం.

ఫారంలో చాలామంది పొరపాటు చేసేది సెంటర్ దగ్గర. మన ఇళ్లల్లో తొలి కాన్పు పుట్టింట్లోనే. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో తీసుకెళ్తారు. ఫారం నింపేటప్పుడు హైదరాబాద్‌లో అత్తవారింట్లో ఉండి హైదరాబాద్ పెడతారు, పరీక్ష నాటికి శ్రీకాకుళంలో ఉంటారు. ఎనిమిది నెలల కడుపుతో రాత్రంతా ప్రయాణం చేసి వచ్చి పరీక్ష రాయడం ఎవరూ ఒప్పుకోని పని. ఈ రోజు ఎక్కడున్నారో చూడకండి, పరీక్ష వారంలో ఎక్కడుంటారో చూసి ఊరు ఎంచుకోండి. తర్వాత మార్చుకోవచ్చులే అన్న ఆశ పెట్టుకోవద్దు. సీమంతం ముహూర్తం పెట్టేవాళ్లకు కూడా పరీక్ష పడే ఆదివారం ఏదో ముందే చెప్పి ఉంచండి. పెళ్లి తర్వాత ఇంటిపేరు మారిన వాళ్లు ఎన్‌రోల్‌మెంట్ సర్టిఫికెట్‌లో, ఆధార్‌లో, ఫారంలో పేరు ఒకేలా ఉందా అని అక్షరం అక్షరం చూసుకోవాలి. గేటు దగ్గర దీని మీద వాదించే ఓపిక ఆ నెలల్లో ఉండదు.

ఇక మార్కుల లెక్క. 100 ప్రశ్నలు, 19 సబ్జెక్టులు, నెగెటివ్ మార్కులు లేవు. జనరల్, ఓబీసీ వాళ్లకు 45, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 40 వస్తే పాస్. ఇది ర్యాంకుల పరీక్ష కాదు, 46 వచ్చినా 86 వచ్చినా చేతికొచ్చే సర్టిఫికెట్ ఒకటే. రాజ్యాంగం, సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్), బీఎన్‌ఎస్‌ఎస్ (కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) తలా 10 మార్కులు. బీఎన్‌ఎస్ (కొత్త శిక్షాస్మృతి), సాక్ష్య చట్టం, ఫ్యామిలీ లా తలా 8. కాంట్రాక్ట్, స్పెసిఫిక్ రిలీఫ్, ఆస్తి బదిలీ, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ కలిపి మరో 8. ఇక్కడికి 62. ప్రొఫెషనల్ ఎథిక్స్ 4, ఏడీఆర్ (కోర్టు బయట వివాదాల పరిష్కారం) 4 చేర్చితే 70. ఈ 70లో సగానికి కాస్త ఎక్కువ, అంటే 38 తెచ్చుకుని, మిగతా 30 ప్రశ్నలకూ జవాబు పత్రంలో ఏదో ఒక బుడగ నింపినా నాలుగింట ఒకటి చొప్పున ఏడు దాకా కలిసొస్తాయి. అక్కడికి 45. ఈ లెక్క అర్థమైనవాళ్లు కంపెనీ లా 2 మార్కుల కోసం, సైబర్ లా 2 మార్కుల కోసం రాత్రి పదకొండింటిదాకా కూర్చోరు. కడుపుతో ఉన్నవాళ్లు అసలు కూర్చోకూడదు.

మొదటి మూడు నెలలు వేవిళ్లతో పోతాయి. ఆ రోజుల్లో బేర్ యాక్ట్ (చట్టం పాఠం మాత్రమే ఉన్న పుస్తకం) సన్న అక్షరాలు చూస్తేనే తిప్పేస్తుంది. అప్పుడు చదవాలని పట్టుబట్టకండి. రాజ్యాంగం మీద ఆడియో పాఠాలేవైనా ఉంటే కళ్లు మూసుకుని వినండి, అది చాలు. అసలు పని నాలుగో నెల నుంచి ఏడో నెల వరకు. రోజుకు రెండు గంటలు, అదీ అరగంట చొప్పున నాలుగు విడతలు. పది వారాలకు 140 గంటలు అవుతుంది. అందులో సగం సీపీసీకి, మూడు క్రిమినల్ చట్టాలకు (బీఎన్‌ఎస్‌ఎస్, బీఎన్‌ఎస్, సాక్ష్య చట్టం) పెట్టండి. ఆ నాలుగే 36 మార్కులు. ఈ మధ్యలో బిడ్డ అవయవాలు చూసే టిఫా స్కాన్ 18, 22 వారాల మధ్య పడుతుంది. షుగర్ పరీక్ష 24, 28 వారాల మధ్య. గ్లూకోజ్ తాగి రెండు గంటలు ల్యాబ్‌లో కూర్చోవాలి, మొత్తానికి ఆ పూట పోయినట్టే. ఈ రోజులను టైంటేబుల్‌లో ముందే ఖాళీగా వదిలేస్తే వెనకపడ్డామన్న బెంగ ఉండదు.

క్రిమినల్ చట్టాల దగ్గర పాత మెటీరియల్ ముంచేస్తుంది. 2024 జూలై 1 నుంచి ఐపీసీ బదులు బీఎన్‌ఎస్, సీఆర్‌పీసీ బదులు బీఎన్‌ఎస్‌ఎస్, ఇలా కొత్త చట్టాలు అమల్లోకి వచ్చాయి. సీనియర్లు ఇచ్చిన నోట్సు, పాత ప్రశ్నపత్రాలు అన్నీ ఐపీసీ నంబర్లతో ఉంటాయి. కొత్త నంబరు తెలియకపోవడం పెద్ద ప్రమాదం కాదు, పుస్తకం చూసి రాసుకోవచ్చు. పాత నంబరే కొత్త చట్టంలో వేరే అర్థంతో కూర్చుని ఉండటమే ప్రమాదం. 482 చూడండి. సీఆర్‌పీసీలో అది హైకోర్టు సహజ అధికారాలు, బీఎన్‌ఎస్‌ఎస్‌లో 482 అంటే ముందస్తు బెయిల్. ఆ సహజ అధికారాలు 528కి వెళ్లాయి. 144 పాతదాంట్లో నలుగురు గుమిగూడకూడదనే ఉత్తర్వు, కొత్తదాంట్లో భార్యాబిడ్డల మనోవర్తి. ఉత్తర్వు 163కి పోయింది. ఐపీసీ 302 హత్యకు శిక్ష అని చిన్నపిల్లలకీ తెలుసు, బీఎన్‌ఎస్ 302 మాత్రం మతభావాలను గాయపరిచే మాటల గురించి. హత్యకు శిక్ష 103లో ఉంది. ఇలా తలకిందులయ్యే నంబర్లు ఇరవై ఏరి ఒక కాగితం మీద రాసి వంటగది అల్మారా తలుపుకి అంటించుకోండి. మిగతా సెక్షన్లన్నీ కంఠతా పట్టాల్సిన పని లేదు.

మరపు గురించి చాలామంది భయపడతారు. నిన్న చదివింది ఇవాళ గుర్తుండట్లేదు అంటారు. నిద్ర సరిగ్గా లేని మనిషికి అది మామూలే. దీనికి ఒక చిన్న ఉపాయం ఉంది. మన చట్టాల్లో కడుపులో బిడ్డ గురించి ఎన్ని చోట్ల ఉందో ఏరుకోండి. హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 20 ప్రకారం తండ్రి చనిపోయేనాటికి గర్భంలో ఉన్న బిడ్డ ప్రాణంతో పుడితే, ముందే పుట్టినవాళ్లతో సమానంగా వాటా. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 13 పుట్టని వ్యక్తి పేర ఆస్తి పెట్టడం గురించి, దాని పక్కనే 14లో ఆస్తిని తరతరాలు కట్టిపడేయకూడదన్న పర్పెచ్యుటీ నియమం. సీపీసీతో కలిపి చదివే లిమిటేషన్ చట్టం సెక్షన్ 6 వివరణలో ‘మైనర్’ అంటే గర్భస్థ శిశువు కూడా. బీఎన్‌ఎస్‌లో 88 నుంచి 92 దాకా గర్భస్రావం, గర్భస్థ శిశువుకు సంబంధించిన నేరాలు. బీఎన్‌ఎస్‌ఎస్ 456 ప్రకారం మరణశిక్ష పడిన స్త్రీ గర్భవతి అని తేలితే హైకోర్టు దాన్ని యావజ్జీవంగా మార్చాలి. రాజ్యాంగం 42వ అధికరణ ప్రసూతి సాయం. ఇవి ఒక్కసారి చదివితే మీకు మరిచిపోవడం కష్టం, వాటి పక్క సెక్షన్లూ వాటితోపాటే వస్తాయి. ప్రసూతి ప్రయోజనాల చట్టం 1961లో 26 వారాల సెలవు, అందులో కాన్పుకు ముందు ఎనిమిది వారాలు మించకూడదు, అంతకుముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉండాలి. ఇది ప్రశ్నగా అడగడానికి అనువైన విషయం. 2025 నవంబర్ 21న లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి కాబట్టి, ఇప్పుడు ఆ చట్టం స్థానంలో ఉన్న సోషల్ సెక్యూరిటీ కోడ్ ఆరో అధ్యాయం కూడా తిరగేయండి. సీనియర్ దగ్గర జీతం లేకుండా జూనియర్‌గా చేస్తున్నవాళ్లు ఇవి చదివి నవ్వుకోవాల్సిందే, ఆ 26 వారాలు మనకు వర్తించవు.

పుస్తకాలు లోపలికి తీసుకెళ్లవచ్చు, కానీ నోట్సు, వ్యాఖ్యలు లేని బేర్ యాక్టులు మాత్రమే. సెక్షన్ కింద చిన్న అక్షరాల్లో కేసులు, కామెంట్లు ఉన్న ఎడిషన్ గేటు దగ్గరే ఆగిపోతుంది. కొనేముందు నాలుగు పేజీలు తిప్పి చూడండి. రంగు కాగితాలు అంటించడం, మార్జిన్‌లో రాయడం ఇన్విజిలేటర్ దయ మీద ఆధారపడేవి, వాటిని నమ్ముకోవద్దు. వెతికే వేగం వేళ్లకు అలవాటు కావాలి. దీనికి సాధన ఇలా చేయండి. ఇంట్లో ఎవరైనా పది మాటలు చదువుతారు: కేవియట్, ఇంటర్‌ప్లీడర్ దావా, నిర్ధనుల దావా, తీర్పుకు ముందే జప్తు, తాత్కాలిక ఇంజంక్షన్, ఇలా. మీరు పేజీ తెరిచి వేలు పెట్టాలి. కేవియట్ 148ఎ, నిర్ధనుల దావా ఆర్డర్ 33, జప్తు ఆర్డర్ 38 రూల్ 5, ఇంజంక్షన్ ఆర్డర్ 39. ఇంటర్‌ప్లీడర్ దగ్గర తడబడతారు, ఎందుకంటే అది సెక్షన్ 88లోనూ ఉంది, ఆర్డర్ 35లోనూ ఉంది. సీపీసీ విషయసూచికలో సెక్షన్లు ముందు, ఆర్డర్లు తర్వాత వేరుగా ఉంటాయన్నది చేతికి తెలియనివాళ్లు ఒక్క ప్రశ్నకు మూడు నిమిషాలు పోగొట్టుకుంటారు. మొదటి వారం పదింటికి పావుగంట పట్టినా, నెల తిరిగేసరికి ఎనిమిది నిమిషాలకు రావాలి. అప్పుడు కూడా పరీక్షలో 25, 30 ప్రశ్నలకు మించి వెతకడానికి సమయం చాలదు.

అన్ని సబ్జెక్టుల పుస్తకాలూ నింపితే సంచి మోయలేరు. గేటు దాకా మీ ఆయనో తమ్ముడో మోస్తారు, లోపల మెట్లెక్కాల్సింది మీరే. మూడు క్రిమినల్ చట్టాలు ఒకే పుస్తకంగా దొరుకుతాయి, అది ఒకటి. సీపీసీ, రాజ్యాంగం పాకెట్ సైజు, అడ్వకేట్స్ యాక్ట్, హిందూ చట్టాలు, కాంట్రాక్ట్, ఆస్తి బదిలీ. ఇవి చాలు.

ఒంటి సంగతి. ముప్పావుగంటకు మించి కదలకుండా కూర్చోకండి, కాళ్లు నీరు పడతాయి. పీట మీద కాళ్లు పెట్టుకోండి, లేచి నాలుగడుగులు వేయండి. ఐరన్ మాత్ర టీ, కాఫీ, పాలతో వేసుకుంటే ఒంటికి పట్టదు. కాల్షియం మాత్రకూ దానికీ కనీసం రెండు గంటల తేడా ఉండాలి. రాత్రి మేలుకోవడానికి కాఫీ మీద కాఫీ వద్దు, రోజుకు 200 మిల్లీగ్రాముల కెఫీన్ లోపే, అంటే రెండు చిన్న కప్పుల ఫిల్టర్ కాఫీతో ఆపేయాలి. రక్తం కనపడినా, ఉమ్మనీరు పోయినా, బిడ్డ కదలిక తగ్గినా, తీవ్రమైన తలనొప్పితో చూపు మసకబారినా పుస్తకం మూసి ఆసుపత్రికి వెళ్లాలి. అది పరీక్ష హాల్లో అయినా సరే.

కొన్ని సెంటర్లలో చేతికి పలక బిగించిన కుర్చీలు ఉంటాయి. ఏడో నెల దాటాక అందులో కడుపు పట్టదు. డాక్టర్ సర్టిఫికెట్ జత చేసి, కింది అంతస్తులో విడి బల్ల, కుర్చీ కావాలని వారం ముందే ఈమెయిల్ పంపండి. పరీక్ష రోజు దాని ప్రింటు పట్టుకుని అందరికన్నా ముందు వెళ్లి సెంటర్ సూపరింటెండెంట్‌ని కలవండి. గది నిండాక అడిగితే ఎవరూ ఏమీ చేయలేరు. పరీక్ష సమయం హాల్ టికెట్‌లో ఉన్నదే లెక్క. మొదటి గంటా పదినిమిషాల్లో పుస్తకం తెరవకుండా, తెలిసినవన్నీ రాసేసి, ఎప్పటికప్పుడు ఓఎంఆర్‌లో నింపేయండి. అప్పుడు ఒకసారి బాత్రూంకి వెళ్లి రండి, అవసరం లేదనిపించినా సరే. తర్వాత వెతికే ప్రశ్నలు. చివరి పావుగంటలో మిగిలిన బుడగలన్నీ నింపేయాలి, ఒక్కటీ ఖాళీ వదలకూడదు.

కాన్పు అయ్యాక పరీక్ష వచ్చేవాళ్లకు లెక్క వేరు. బాలింత పుస్తకం పడితే కళ్లు పోతాయని పెద్దవాళ్లు అంటారు. వాళ్లతో వాదించకుండా, బిడ్డ పాలు తాగుతున్నప్పుడు ఎవరితోనైనా చదివించుకుని వినడం తేలిక. సిజేరియన్ అయితే ఆరు వారాలదాకా బిడ్డకన్నా బరువైనది ఎత్తకూడదు, కాబట్టి పుస్తకాల సంచి మీ చేతుల్లో ఉండకూడదు. చంటిబిడ్డకు రెండు మూడు గంటలకోసారి పాలు కావాలి. రిపోర్టింగ్, పరీక్ష కలిపి అంతకన్నా చాలా ఎక్కువ సమయం పడుతుంది. మీ అమ్మనూ బిడ్డనూ సెంటర్ దగ్గర ఎవరింట్లోనైనా ఉంచి, గేటు మూసే ముందు ఒకసారి పాలు పట్టి లోపలికి వెళ్లండి. పిండిన పాలు గది వేడిమిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంటాయి. ఎండలు ఎక్కువగా ఉంటే ఐస్ ప్యాక్ పెట్టిన డబ్బా తప్పదు. స్పూనుతోనో గిన్నెతోనో తాగడం బిడ్డకు వారం ముందే అలవాటు చేయాలి, ఆ రోజే మొదలుపెడితే ఏడుపే. రొమ్ములు గట్టిపడి నొప్పి పెడతాయి, ప్యాడ్లు, మార్చుకోవడానికి ముదురు రంగు కుర్తా ఉంచుకోండి.

జవాబుల ప్రాథమిక కీ వచ్చాక అభ్యంతరాలకు కొద్ది రోజులే గడువు ఇస్తారు. ఆ రోజుల్లో మీరు లేబర్ రూమ్‌లో ఉండవచ్చు. లాగిన్ వివరాలు, మీ బుక్‌లెట్ సెట్ కోడ్, సందేహంగా ఉన్న ప్రశ్నల నంబర్లు ఒక కాగితం మీద రాసి, చట్టం చదువుకున్న స్నేహితురాలి చేతిలో పరీక్ష రోజు సాయంత్రమే పెట్టేయండి.