ఎర్ర ఇంకు

పిల్లోడి స్కూల్ డైరీలో వాళ్ళ టీచర్ ఎర్ర ఇంకుతో రాసి పంపింది: "తల్లిని వచ్చి కలవమని చెప్పండి."

ఈ రోజు మీటింగుకి ఈయన వెళ్ళారు. రిజిస్టర్లో సంతకం పెట్టి, గంటసేపు ఆ పిల్లల బెంచీ మీదే కూర్చుని వచ్చారు. మరి తండ్రి వచ్చినా లెక్కలోకి రాడా? నేను ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెప్తాను, ఈ రోజేమో థర్డ్ ఇయర్ పిల్లలకి ప్రాక్టికల్స్. బయటి నుంచి ఎగ్జామినర్ వచ్చున్నారు, రాలేనని ఎట్లా చెప్పేది? పెన్నా బ్రిడ్జి మీద బస్సు ఆగిపోయినప్పుడే ఒళ్ళు మండింది, ఇంటికొచ్చి ఇది చూశాక ఇంకా మండింది. "మగోడు మీటింగుకి పోవడమే గొప్ప కదమ్మా" అన్నారు అత్తయ్య. ఆ మాటకి అన్నం కూడా సరిగా తినలేదు.

వైవాలో ఒకమ్మాయి టాబ్లెట్‌కి క్యాపింగ్ ఎందుకొస్తుందో భలే చెప్పింది. టాబ్లెట్ చేసే మందు రేణువులు, అదే గ్రాన్యూల్స్, మరీ ఆరిపోయినా, లోపల గాలి చిక్కుకున్నా పై పొర ఊడొస్తుందని గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. సంతోషమేసింది.

నేనేదో వాడిని పట్టించుకోనట్టు ఆ ఎర్ర ఇంకు. పీహెచ్‌డీలో మందుని నెమ్మదిగా వదిలే సస్టెయిన్డ్ రిలీజ్ టాబ్లెట్లకి డిసల్యూషన్, అంటే ఎంతసేపటికి ఎంత మందు కరుగుతుందో చూసే పరీక్ష, పెట్టిన రోజు వీడు ఇంకా నెలల పిల్లోడు. పన్నెండు గంటల స్టడీ. మొదటి రెండు గంటలు కడుపులో మాదిరి యాసిడ్‌లో, ఆ తర్వాత పేగుల్లో మాదిరి ఉండే ద్రావణం, 6.8 పీహెచ్ బఫర్‌లో. వేడి 37 డిగ్రీల దగ్గర నిలవాలి, ప్యాడిల్ నిమిషానికి 50 చుట్లు తిరగాలి. గంట గంటకీ ఆరు జార్లలోంచి 5 ఎంఎల్ చొప్పున తీయాలి, తీసినంత కొత్త బఫర్ పోయాలి. టైము తప్పితే రోజంతా వృథా. మా అమ్మ వాడిని చంకనేసుకుని ఆటోలో ల్యాబ్‌కే తెచ్చింది. స్టోర్ రూంలో లాక్టోజ్ డ్రమ్ముల పక్కన స్టూలేసుకుని పాలిచ్చాను. ఏప్రాన్ ముందంతా తడిసిపోయింది. వాడికి కన్ను మూతపడే వేళకి టైమర్ మోగింది. తోటి స్కాలర్ తలుపు తోసి, "నువ్వు లేవబాక, ఈసారి నేను తీస్తా" అనింది. నా థీసిస్‌లో ఆ గ్రాఫ్ చూసినప్పుడల్లా ఏ పాయింటు ఆ పిల్ల తీసిందో నాకు తెలుసు.

50 మంది, ఆపైన పనిచేసే చోట క్రెష్, అంటే పసిపిల్లల్ని చూసుకునే గది, ఉండాలని 2017లో చట్టం మార్చారు. తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి బిడ్డని చూసుకోవచ్చు. నేను పనిచేసిన ఏ కాలేజీలోనూ ఆ గది నాకు కనపడలేదు.

ఇంతవరకూ రాసి, అసలేం జరిగిందని ఈయన్ని లేపి మరీ అడిగాను. టీచర్ అడిగిందట: పిల్లోడు ఇంట్లో ఏం చదువుతున్నాడు, లెక్కల్లో ఎక్కడ తడబడుతున్నాడు, కళ్ళకి చూపించారా అని. అన్నిటికీ ఈయన చెప్పిన జవాబు ఒకటే, "వాళ్ళమ్మకి తెలుసండీ." ఇంక ఆమె మాత్రం ఏం రాయాల? పాపం, ఆమె మీద కోపం దిగిపోయింది. ఈయన మీదకి మళ్ళింది. మీటింగుకి పోయి కూర్చోవడం ఒక్కటే కాదు కదా, వాడి గురించి తెలిసుండాల. రేపట్నించి లెక్కలు ఈయనే చెప్పాలి, కళ్ళ డాక్టరు దగ్గరికీ ఈయనే తీసుకుపోవాలి. చెప్పేశాను. సరేనన్నారు.

ఇంకోటి. మా డిపార్ట్‌మెంట్ అమ్మాయికి అయిదో నెల. పీహెచ్‌డీ మానేస్తానని మధ్యాహ్నం స్టాఫ్ రూంలో ఏడ్చింది. యూనివర్సిటీలకి రూల్స్ పెట్టే యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల్లో ఆడవాళ్ళకి 240 రోజుల దాకా సెలవుంది, గడువు మీద ఇంకో రెండేళ్ళు సడలింపు కూడా ఇవ్వొచ్చు, ముందు గైడ్‌కి లెటర్ పెట్టుకోమన్నాను. "అది సరే మేడమ్, డిసల్యూషన్ రోజు బిడ్డ ఏడిస్తే?" అనింది. ఆ రోజు నాకు ఫోన్ చెయ్యి, శాంపిళ్ళు నేనొచ్చి తీస్తానని చెప్పాను.